ఐటీఐ చదివినవాళ్లను జర్మనీలో ‘హాండ్‌వెర్క్స్‌కామర్’ లెటర్ ఎందుకు అడుగుతారు? అసలు ఆ సంస్థ ఏమిటి?

ప్రశ్న: మా తమ్ముడు ఐటీఐ ఎలక్ట్రీషియన్. జర్మనీలో పని కోసం ప్రయత్నిస్తుంటే ముందు ‘హాండ్‌వెర్క్స్‌కామర్’ నుంచి లెటర్ తెచ్చుకోమంటున్నారు. అది ప్రభుత్వ ఆఫీసా, యూనియనా, వ్యాపారుల సంఘమా? దానికి ఇంత అధికారం ఎలా వచ్చింది?

మీరు రాసిన మూడింటిలో ఏదీ కాదు గానీ, మూడింటి పోలికలూ అందులో ఉన్నాయి. దగ్గరి ఉదాహరణ కావాలంటే మన బార్ కౌన్సిల్. ఎవరు లాయరుగా కోర్టులో నిలబడవచ్చో లాయర్లే ఎన్నుకున్న సంస్థ, చట్టం ఇచ్చిన అధికారంతో తేలుస్తుంది కదా. జర్మనీలో కరెంటు పని, ప్లంబింగ్, వడ్రంగం, తాపీ పని, బేకరీ, హెయిర్ కటింగ్, కళ్లద్దాల తయారీ ఇలా దాదాపు 130 వృత్తులకు ఆ పని చేసేది హాండ్‌వెర్క్స్‌కామర్, అంటే చేతివృత్తుల ఛాంబర్. దేశం మొత్తం మీద ఇవి 53. ఒక్కోదానికి ఒక్కో ప్రాంతం. వీటన్నిటి కింద సుమారు 10 లక్షల సంస్థలు, 50 లక్షలకు పైగా పనివాళ్లు ఉన్నారు.

నేను స్టుట్‌గార్ట్ దగ్గర ఒక చిన్న ఎలక్ట్రికల్ సంస్థలో ఆఫీసు పని చూస్తాను. బిల్లులు, జీతాలు, అప్రెంటిస్‌ల కాగితాలు అన్నీ నా చేతి మీదుగానే వెళ్తాయి. ఛాంబర్ నుంచి ఉత్తరం రాని వారం తక్కువ. పైగా మా చిన్నమ్మ కొడుకు కూడా మీ తమ్ముడిలాగే ఐటీఐ ఎలక్ట్రీషియన్, జగిత్యాల వైపు. వాడి సర్టిఫికెట్ గుర్తింపు వ్యవహారం మొదటి నుంచి చివరిదాకా దగ్గరుండి నడిపించాను. కాబట్టి విన్నది కాదు, చూసిందే రాస్తున్నాను. చరిత్ర మాత్రం ఇక్కడికొచ్చాక ఆసక్తి కొద్దీ చదువుకున్నది.

మా ఛాంబర్ పరిధిలో స్టుట్‌గార్ట్ నగరం, చుట్టూ ఉన్న బోబ్లింగెన్, ఎస్లింగెన్, గోపింగెన్, లుడ్విగ్స్‌బుర్గ్, రెమ్స్-ముర్ జిల్లాలు వస్తాయి. జాబితాలో ఉన్న వృత్తిలో షాపు పెట్టినవాళ్లు ఎవరైనా సభ్యులు కావాల్సిందే, ఇష్టమున్నా లేకపోయినా. ఏటా చందా బిల్లు వస్తుంది, లాభాన్ని బట్టి పెరుగుతుంది. మా ఓనరు ఆ కవరు చూడగానే ‘వీళ్లు నాకేం చేశారని’ అని గొణుగుతాడు, రెండో రోజు సంతకం పెట్టి ఇచ్చేస్తాడు. ఛాంబర్ సభకు ఎన్నికలు జరుగుతాయి. అందులో మూడింట రెండు వంతులు సంస్థల యజమానులు, మిగిలిన ఒక వంతు వాళ్ల దగ్గర పనిచేసేవాళ్లు. ఇద్దరు ఉపాధ్యక్షుల్లో ఒకరు పనివాళ్ల వైపు నుంచే వస్తారు. అందుకే ఇది యూనియన్ కాదు, యజమానుల సంఘమూ కాదు. రాష్ట్ర ప్రభుత్వం పైనుంచి చట్టం సరిగ్గా పాటిస్తున్నారా అని చూస్తుంది గానీ రోజువారీ పనిలో వేలు పెట్టదు.

ఇక అధికారం సంగతి. దీనికి కొంచెం వెనక్కి వెళ్లాలి.

మధ్యయుగాల నుంచి జర్మన్ నగరాల్లో ప్రతి వృత్తికీ ఒక కట్టుదిట్టమైన సంఘం ఉండేది. మన శాసనాల్లో నూనె గానుగలవాళ్ల ‘తెలికి వేవురు’ కనిపిస్తారే, ఆ తరహా. ఊళ్లో ఎంతమంది వడ్రంగులు ఉండాలి, ఎవరి పిల్లాణ్ణి పనిలో చేర్చుకోవాలి అన్నీ ఆ సంఘమే తేల్చేది. లోపలున్నవాళ్లకు బాగానే ఉండేది, బయటివాళ్లకు తలుపు తెరుచుకునేది కాదు. అప్పటి పెద్ద జర్మన్ రాజ్యం ప్రష్యా 1810లో ఈ పట్టు సడలించి ఎవరైనా ఏ వృత్తైనా చేసుకోవచ్చంది. స్టుట్‌గార్ట్ రాజధానిగా ఉన్న వుర్టెంబర్గ్ రాజ్యం మాత్రం 1862 దాకా ఆగింది. 1869లో ఉత్తర జర్మన్ రాజ్యాల కూటమి ఈ స్వేచ్ఛ ఇస్తూ ఒక చట్టం చేసింది, తర్వాత అదే దేశమంతటికీ వచ్చింది.

తలుపులు తెరుచుకున్నాయి సరే, పని నేర్పే బాధ్యత ఎవరిదో తేలలేదు. ఫ్యాక్టరీలు పోటీకి వచ్చాయి. చిన్న మేస్త్రీలు కుర్రాళ్లను నేర్చుకోవడానికని తీసుకుని చవక కూలీలుగా వాడుకోవడం మొదలైంది. ఈ ఊళ్లో ఉండి బాష్ పేరెత్తకుండా ఉండలేం కాబట్టి ఆయన ఉదాహరణే చెబుతాను. బాష్ కంపెనీ పెట్టిన రాబర్ట్ బాష్ 1876లో ఉల్మ్ పట్టణంలో ఒక మెకానిక్ దగ్గర అప్రెంటిస్‌గా చేరాడు. ఆ గురువు సరిగ్గా ఏమీ నేర్పలేదన్న అసంతృప్తి ఆయన్ను చాలాకాలం వదల్లేదు. 1886లో స్టుట్‌గార్ట్‌లో సొంత వర్క్‌షాప్ పెట్టి, పెద్దయ్యాక తన ఫ్యాక్టరీలో అప్రెంటిస్‌ల కోసమే ప్రత్యేకంగా వర్క్‌షాప్ ఏర్పాటు చేయించాడు. అందరు కుర్రాళ్లూ బాష్‌లు కాలేరు కదా. మంచి గురువు దొరకడం అదృష్టం మీద ఆధారపడకూడదన్న ఆలోచన అప్పటికే గట్టిపడుతోంది.

1897 జూలైలో చేతివృత్తుల రక్షణ కోసం చేసిన చట్ట సవరణతో ఛాంబర్లకు పునాది పడింది. చాలా ఛాంబర్లు 1900 ఏప్రిల్ 1న పని మొదలుపెట్టాయి. స్టుట్‌గార్ట్ ఛాంబర్‌ది కూడా ఆ ఏడాదే. ఇక్కడొక సంగతి గమనించండి, చాలామంది దీన్ని తలకిందులుగా అర్థం చేసుకుంటారు. మొదట్లో ఛాంబర్‌కు ఎవరి షాపునూ ఆపే అధికారం లేదు. అప్రెంటిస్‌ల శిక్షణకు నిబంధనలు పెట్టడం, పరీక్షలు చూసుకోవడం, ప్రభుత్వానికి సలహా ఇవ్వడం, అంతే. 1908లో ఇంకో మెట్టు: మైస్టర్ పరీక్ష, అంటే ఆ వృత్తిలో పై స్థాయి నిపుణుడని తేల్చే పరీక్ష, పాసైనవాళ్లే అప్రెంటిస్‌లకు పని నేర్పాలి అన్నారు. షాపు ఎవరైనా పెట్టుకోవచ్చు, నేర్పే హక్కు మాత్రం మైస్టర్‌కే. నా దృష్టిలో ఈ సంస్థ చరిత్ర మొత్తంలో తెలివైన నిర్ణయం ఇదే.

1929లో వృత్తి సంస్థల రిజిస్టరు వచ్చింది. షాపు పెట్టాలంటే మైస్టర్ అయి ఉండాలన్న నిబంధన 1935లో, నాజీల కాలంలో వచ్చింది. అప్పటికే ఎన్నికైన నాయకత్వాలను తీసేసి ఛాంబర్లను పార్టీ చెప్పుచేతల్లోకి తెచ్చుకున్నారు. 1938 నవంబరులో యూదులను ఆర్థిక జీవితం నుంచి గెంటేసే ఉత్తర్వు వచ్చినప్పుడు, యూదు వృత్తిదారుల పేర్లు డిసెంబరు ఆఖరుకల్లా ఇదే రిజిస్టరులోంచి కొట్టేశారు. పేరు లేకపోతే పని లేదు. పని నాణ్యత కోసం పెట్టిన పుస్తకం ఎంత తేలికగా ఆయుధమైందో చూడండి. ఇక్కడ ఛాంబర్ గొప్పలు చెప్పేవాళ్లు ఈ పేజీని తొందరగా తిప్పేస్తారని నాకు అనిపిస్తుంది. యుద్ధం మధ్యలో ఛాంబర్లను కూడా ఎత్తేసి పెద్ద ఆర్థిక ఛాంబర్లలో కలిపేశారు.

యుద్ధం అయ్యాక స్టుట్‌గార్ట్ అమెరికన్ల ఆధీనంలోకి వచ్చింది. వాళ్లకు ఈ మైస్టర్ పద్ధతి అస్సలు నచ్చలేదు. 1940ల చివర్లో తమ జోన్‌లో దాన్ని తీసేసి, ఛాంబర్ సభ్యత్వం కూడా ఐచ్ఛికం చేశారు. జర్మన్లు ఊరుకోలేదు. సొంత పార్లమెంటు వచ్చాక 1953లో దేశమంతటికీ ఒకే చేతివృత్తుల చట్టం చేసి మళ్లీ పాత దారికే వచ్చారు. ఇప్పటికీ నడుస్తున్నది ఆ చట్టమే. మైస్టర్ నిబంధన రాజ్యాంగానికి విరుద్ధం కాదని 1961లో రాజ్యాంగ న్యాయస్థానం తేల్చింది. తూర్పు జర్మనీలో ఛాంబర్లు ఉన్నా ప్రభుత్వం చెప్పినట్టే నడిచాయి, 1990 తర్వాతే అక్కడ వాటికి స్వపరిపాలన తిరిగొచ్చింది.

అసలు గొడవ 2004లో. నిరుద్యోగం ఎక్కువగా ఉన్న రోజులవి. షాపు పెట్టాలంటే మైస్టర్ తప్పనిసరి అన్న 94 వృత్తుల్లో 53ను ప్రభుత్వం వదిలేసింది, 41 మిగిలాయి. టైల్స్ వేసే పని వదిలేసినవాటిలో ఉంది. ఒక్క మనిషి, ఒక వ్యాను, ఒక కట్టర్‌తో టైల్స్ సంస్థలు పుట్టగొడుగుల్లా లేచాయి. మనిషొక్కడే ఉన్నచోట అప్రెంటిస్‌ను ఎవరు పెట్టుకుంటారు? నేర్చుకునేవాళ్లు తగ్గిపోయారు. చివరికి 2020 ఫిబ్రవరిలో టైల్స్, చెక్క ఫ్లోరింగ్, ఆర్గన్ వాద్యాల తయారీతో సహా 12 వృత్తులకు మైస్టర్ నిబంధన తిరిగి తెచ్చారు. పోటీని అడ్డుకోవడానికే ఇదంతా అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, ఆ మాటలో నిజం లేకపోలేదు. మా ఇంట్లో కుళాయి బాగుచేయించుకోవడానికి వారాల తరబడి ఆగినప్పుడు నేనూ ఆ మాటే అన్నాను. కానీ నేర్పేవాళ్లు లేకపోతే పదేళ్ల తర్వాత ఎంత ఆగినా ప్లంబర్ దొరకడు.

సరే, ఈ నేర్పడం ఎలా ఉంటుందో మా ఆఫీసులోంచి చెబుతాను. అప్రెంటిస్‌తో ఒప్పందం రాసుకున్నాక దాన్ని ఛాంబర్‌కు పంపి వాళ్ల అప్రెంటిస్ రిజిస్టరులో ఎక్కించాలి. ఎలక్ట్రీషియన్‌కు మూడున్నరేళ్లు. కొన్ని రోజులు మా దగ్గర పని, కొన్ని రోజులు ప్రభుత్వ వృత్తి పాఠశాల. వీటికి తోడు స్టుట్‌గార్ట్ వైలిమ్‌డోర్ఫ్‌లో ఛాంబర్‌కు సొంత శిక్షణ కేంద్రం ఉంది, విడతలవారీగా అక్కడికి వెళ్లి కోర్సులు చేయాలి. మాలాంటి చిన్న సంస్థలో ఏడాది పొడుగునా ఇళ్ల వైరింగే ఉంటుంది, మోటారు కంట్రోల్ గానీ బిల్డింగ్ ఆటోమేషన్ గానీ కుర్రాడి చేతికి రావు. ఆ లోటు అక్కడ పూడుస్తారు. స్టైపెండ్‌కు 2020 నుంచి చట్టంలోనే కనీస మొత్తం ఉంది. 2025లో చేరినవాళ్లకు మొదటి ఏడాది నెలకు 682 యూరోలు.

అన్నిటికన్నా నాకు తలనొప్పి తెచ్చేది రిపోర్టు పుస్తకం. ఏ రోజు ఏం చేశాడో అప్రెంటిస్ రాయాలి, నేర్పేవాళ్లు చూసి సంతకం చేయాలి. అది పూర్తిగా లేకపోతే చివరి పరీక్షకు కూర్చోనివ్వరు. మా కుర్రాళ్లు ‘సోమవారం: పైపు వేశాం. మంగళవారం: పైపు వేశాం’ అని రాసుకొస్తారు. మా ఓనరు ఎర్ర పెన్నుతో ‘ఏ పైపు? ఎందుకు ఆ సైజు?’ అని రాసి తిప్పి పంపుతాడు. చందా బిల్లు మీద గొణిగే ఈ మనిషే ఛాంబర్ పరీక్షల కమిటీలో జీతం లేకుండా కూర్చుంటాడు. ఆ కమిటీల్లో యజమానులు, పనివాళ్లు సమానంగా ఉంటారు, వృత్తి పాఠశాల టీచరు కూడా ఉంటారు.

నేర్పకుండా వాడుకునే సంస్థలు ఇప్పుడూ లేకపోలేదు. మాకు తెలిసిన ఒక తెలుగు కుర్రాడు వేరే ఊళ్లో అప్రెంటిస్‌గా చేరితే, నెలల తరబడి సామాను మోయడం, వ్యాను కడగడం తప్ప పని చూపించలేదు. వీసా పోతుందేమోనన్న టెన్షన్‌తో నోరు మెదపలేదు. ప్రతి ఛాంబర్‌లోనూ శిక్షణ సలహాదారులు ఉంటారని చెప్పి ఫోన్ చేయించాం. ఆయన ఇద్దరితోనూ మాట్లాడాడు, రిపోర్టు పుస్తకం తెప్పించి చూశాడు. అందులో ఉన్నదంతా మోయడం, కడగడమే! కుర్రాడు ఇంకో సంస్థకు మారి అక్కడ్నుంచి కొనసాగించాడు. మీ తమ్ముడు అప్రెంటిస్‌గా వచ్చినా ఇది గుర్తుపెట్టుకోమనండి, ఆ సలహా ఉచితం.

ఇప్పుడు మీకు కావాల్సిన లెటర్. 2012 ఏప్రిల్ నుంచి విదేశీ వృత్తి సర్టిఫికెట్లను పోల్చి చూసే చట్టం ఉంది. చేతివృత్తుల విషయంలో ఆ పోలిక చూసేది ఛాంబరే. మీ తమ్ముడి ఐటీఐ సిలబస్‌నూ, పని అనుభవాన్నీ జర్మన్ ఎలక్ట్రీషియన్ శిక్షణతో పక్కపక్కన పెట్టి చూస్తారు. ఫలితం పూర్తి సమానం, కొంత సమానం, సమానం కాదు అని మూడు రకాలుగా రావచ్చు. మన రెండేళ్ల ఐటీఐకి ‘కొంత సమానం’ అని వస్తే నిరాశపడకండి. ఏమేం తక్కువున్నాయో అందులోనే రాసి ఇస్తారు. ఆ లోటు పూడ్చుకోవడానికి వీసా ఇస్తారు. మా వాడు అలాగే వచ్చాడు. మా ఓనరే ఒప్పందం రాసిచ్చాడు, పని చేస్తూ వైలిమ్‌డోర్ఫ్ కోర్సులకు వెళ్లాడు.

అక్కడ వాడికి మొదటి రోజే షాక్, కరెంటు షాక్ కాదు లెండి. బోర్డులో సప్లై ఉందో లేదో చూడమంటే జేబులోంచి మన టెస్టర్ స్క్రూడ్రైవర్ తీశాడు. శిక్షకుడు దాన్ని తీసుకుని పక్కన పెట్టి, రెండు ప్రోబులున్న వోల్టేజ్ టెస్టర్ చేతికిచ్చాడు. తర్వాత ఐదు నియమాలు అప్పజెప్పమన్నాడు. సప్లై తెంచాలి, ఎవరూ మళ్లీ వేయకుండా తాళం వేయాలి, కరెంటు లేదని కొలిచి తేల్చుకోవాలి, ఎర్త్ చేసి షార్ట్ చేయాలి, పక్కన కరెంటు ఉన్న భాగాలను కప్పాలి. ఇదే వరుస, ఇక్కడి ఎలక్ట్రీషియన్లకు నిద్రలో లేపి అడిగినా వస్తుంది. వైరింగ్ చేతిపనిలో మావాడు అక్కడి కుర్రాళ్లకన్నా చురుకే. వెనకబడిందల్లా పని అయ్యాక ఇన్సులేషన్ కొలవడం, ఎర్త్ లీకేజీ స్విచ్ ఎంత సమయంలో తెగుతుందో చూడడం, ఆ అంకెలన్నీ ఫారంలో నింపి సంతకం చేయడం. ‘అక్కా, లైటు వెలిగింది కదా, ఇంకా ఏం రాయాలి’ అని ఫోన్ చేసేవాడు. తర్వాత వాడికీ అలవాటైంది, పూర్తి సమానం అన్న రెండో లెటరూ వచ్చింది.

ఆ లెటర్ ఉద్యోగానికే, సొంత షాపుకు కాదు. ఎలక్ట్రికల్ షాపు పెట్టాలంటే మైస్టర్ కావాలి, లేదా ఆరేళ్ల అనుభవం ఉండి అందులో నాలుగేళ్లు బాధ్యత గల స్థానంలో చేసినట్టు చూపించి అనుమతి తెచ్చుకోవాలి. వృత్తిని బట్టి ఇది మారుతుంది. బట్టలు కుట్టడం, నగల పని, ఐబ్రోస్ లాంటి బ్యూటీ పనులకు మైస్టర్ అక్కర్లేదు, ఛాంబర్‌లో నమోదు చేసుకుంటే చాలు. జుట్టు కత్తిరించాలంటే మాత్రం కావాలి. టిఫిన్ సెంటర్ పెట్టేవాళ్లు ఈ ఛాంబర్ కిందికే రారు, వాళ్లది పరిశ్రమలు, వాణిజ్యం వైపు ఉండే వేరే ఛాంబర్.

మీ తమ్ముడు ఇంకా చిన్నవాడైతే, పాత సర్టిఫికెట్ పక్కన పెట్టి ఇక్కడే అప్రెంటిస్‌గా మొదలుపెట్టడం కూడా ఒక దారి. ఫ్రైబుర్గ్ ఛాంబర్ ప్రాంతంలో మాంసం దుకాణాలకు కుర్రాళ్లు దొరక్క, 2022లో భారతదేశం నుంచి 13 మంది యువతీయువకులను అప్రెంటిస్‌లుగా తీసుకొచ్చారు.

గుర్తింపు దారిలోనే వెళ్లేట్టయితే ఊళ్లో ఉండగానే ఇవి చూసుకోమనండి. ఎన్‌సీవీటీ సర్టిఫికెట్, మార్కుల మెమోలు, తను చదివిన ఏడాది నాటి సిలబస్ కాపీ. కాంట్రాక్టర్ ఇచ్చే అనుభవ పత్రం ‘మంచి కుర్రాడు, మా దగ్గర పనిచేశాడు’ అని రెండు లైన్లుంటే పనికిరాదు. ఏ నెల నుంచి ఏ నెల దాకా, వారానికి ఎన్ని గంటలు, ఇళ్ల వైరింగా, ప్యానెల్ బోర్డులా, మోటార్లా అన్నది విడివిడిగా రాయించాలి. మావాడి విషయంలో ఎక్కువ ఆలస్యం ఈ కాగితం దగ్గరే జరిగింది. అనువాదాలు గుర్తింపు ఉన్న అనువాదకులతోనే చేయించాలి. ఫీజు కేసును బట్టి సాధారణంగా 100 నుంచి 600 యూరోల మధ్య ఉంటుంది, అనువాదాల ఖర్చు దీనికి అదనం. కాగితాలన్నీ అందాక మూడు నెలల్లో నిర్ణయం చెప్పాలన్నది నియమం. దరఖాస్తు ఎక్కడ పని చేయాలనుకుంటున్నాడో ఆ ప్రాంతపు ఛాంబర్‌కు పంపాలి. మధ్యలో ఏజెంట్ అవసరం లేదు. ఛాంబర్‌లో ఈ పని చూసేవాళ్లకు సూటిగా ఈమెయిల్ రాయవచ్చు, జర్మన్‌లో రాస్తే జవాబు తొందరగా వస్తుంది. పాత కాంట్రాక్టర్ దగ్గర పత్రం తిరగరాయించడంలో ఇబ్బంది వస్తే కామెంట్లో చెప్పండి, మావాడికి రాయించిన నమూనా పేర్లు తీసేసి ఇస్తాను.